అధ్యక్షపదవి హద్దులకు కావలి ఎవరు?

లోకమున ఏ ఒక్క మనుష్యుని చేతిలో అత్యధికమైన అధికారము ఉన్నదని అడిగినచో, అమెరికా అధ్యక్షుని పేరు చెప్పుటకు ఎవరును సందేహింపరు. అణ్వస్త్రములను ప్రయోగింపుమని ఆజ్ఞాపించుటకు అతనికి మరియొకరి అనుమతి అక్కరలేదు. అతడు ఒక కాగితముపై సంతకము చేసినచో సముద్రములకు ఆవలనున్న దేశముల వర్తకము తలక్రిందులగును. అయినను ఆ అధ్యక్షుడే సెనేటు సమ్మతి లేనిదే సుప్రీంకోర్టునకు ఒక్క న్యాయమూర్తిని నియమింపజాలడు. కాంగ్రెసు మంజూరు చేయనిదే ఖజానానుండి ఒక్క డాలరును వెచ్చించుటకు రాజ్యాంగము అతనికి హక్కు నీయలేదు. తాను చేసిన సంధిని సెనేటులో మూడింట రెండు వంతులవారు ఆమోదింపకున్నచో ఆ సంధి చిత్తుకాగితముతో సమానము. మొదటి మహాయుద్ధానంతరము అధ్యక్షుడు విల్సన్ స్వయముగా కుదిర్చి తెచ్చిన వెర్సేల్స్ సంధి 1919, 1920 సంవత్సరములలో సెనేటు గడపయొద్దనే ఆగిపోయినది.

ఈ రెండు చిత్రములును సత్యములే. అటువంటప్పుడు అమెరికా అధ్యక్షుడు సర్వాధికారియా, లేక సంకెళ్ళు తొడిగిన సేవకుడా? రాజ్యాంగ గ్రంథమును ఎంత శ్రద్ధతో చదివినను ఈ ప్రశ్నకు సమాధానము లభింపదు. పొలమునకు గట్టు ఉన్నంతమాత్రమున పశువు ఆగదు. గట్టుపై నిలిచిన కాపరిని చూచి ఆగును. అధ్యక్షుని అధికారమునకు హద్దులు వ్రాసియే ఉన్నవి. ఆ హద్దులకు కావలి కాయవలసినవారు మేల్కొని ఉన్నారా, లేక నిద్రించుచున్నారా అన్నదే అసలు ప్రశ్న. గడచిన మూడు పాతికల సంవత్సరముల చరిత్రను ఈ దృష్టితో పరిశీలించినచో, అధ్యక్షులు బలాత్కారముగా గుంజుకొన్న అధికారము కంటె, కావలివారు తమంతట తాము అప్పగించిన అధికారమే ఎక్కువయని తోచును.

1787 వేసవిలో ఫిలడెల్ఫియా నగరమున సమావేశమైన రాజ్యాంగ నిర్మాతలు అప్పటికి కొలదికాలము క్రిందటనే ఒక రాజును వదిలించుకొన్నవారు. మరియొక రాజును తెచ్చిపెట్టుకొను ఉద్దేశము వారికి లేదు. అందుచేతనే వారు మొదటి అధికరణమును శాసనసభకు కేటాయించి, దానిని అన్నిటికంటె సుదీర్ఘముగా వ్రాసిరి. పన్నులు, దిగుమతి సుంకములు విధించుట, విదేశ వాణిజ్యమును క్రమపరచుట, యుద్ధము ప్రకటించుట, సైన్యములను పోషించుట - ఇవి యన్నియు కాంగ్రెసు అధికారములు. రెండవ అధికరణము అధ్యక్షునిది. అది మొదటి దానిలో సగమైనను లేదు. సర్వసేనాధిపత్యము, క్షమాభిక్ష, మొదటి అధికరణమునందే చెప్పిన వీటో, రాయబారుల స్వీకరణము, చట్టములు సక్రమముగా అమలు జరుగునట్లు చూచుట - ఇంచుమించుగా ఇంతే. ఆ వీటోను సయితము ఉభయసభలును మూడింట రెండు వంతుల ఆధిక్యముతో త్రోసిపుచ్చవచ్చును. కాగితముపై ఇంత పరిమితమైన పదవి ఎట్లు పెరిగినదో తెలిసికొనవలెనన్న, కావలివారు మేల్కొని ఉన్న సందర్భములను, నిద్రించిన సందర్భములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

ముందుగా కావలివారు మేల్కొని ఉన్న సందర్భము. 1936 ఎన్నికలలో ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 రాష్ట్రములను గెలుచుకొనెను. సెనేటులో ఆయన పక్షమునకు తిరుగులేని ఆధిక్యము. తన ఆర్థిక సంస్కరణ చట్టములను సుప్రీంకోర్టు వరుసగా కొట్టివేయుచుండగా, 70 ఏండ్లు దాటియు పదవి విడువని న్యాయమూర్తి ఒక్కొక్కనికి ఒక్కొక్క అదనపు న్యాయమూర్తి చొప్పున ఆరుగురి వరకు నియమించుకొను అధికారమును ఆయన 1937లో కోరెను. అంత జనాదరణగల నాయకుడు కోరినను, ఆయన పక్షమువారితో నిండిన సెనేటే ఆ బిల్లును 70-20 ఓట్లతో మరల సంఘమునకు పంపి సమాధి చేసెను. ఆ సభ్యులలో అనేకులు ఆయన విధానములను మెచ్చినవారే. ఆయన పేరు చెప్పుకొని ఎన్నికైనవారే. అయినను న్యాయస్థానమును అధ్యక్షుని కనుసన్నలలో నిలుపుటకు వారు ఒప్పుకొనలేదు.

దీనికి తోడుగా చెప్పదగినది 1952 నాటి ఉక్కు కర్మాగారముల ఉదంతము. కొరియాలో యుద్ధము జరుగుచున్నది. వేతనముల వివాదమున ఉక్కు కార్మికులు సమ్మెకు సిద్ధపడిరి. ఉక్కు లేనిదే ఆయుధములు లేవని, ఆయుధములు లేనిదే రణరంగమునందలి సైనికునకు రక్షణ లేదని అధ్యక్షుడు ట్రూమన్ వాదించెను. ఏప్రిల్ 8వ తేదీ రాత్రి ఆయన రేడియోలో ప్రసంగించి, దేశమునందలి ప్రధానమైన ఉక్కు కర్మాగారములను ప్రభుత్వము స్వాధీనము చేసికొనవలసినదిగా వాణిజ్యమంత్రి సాయర్‌కు ఉత్తరువు ఇచ్చెను. ఈ ఉత్తరువునకు ఏ చట్టమును ఆధారము లేదు. సమ్మెను 80 దినములు నిలిపివేయుటకు వీలు కల్పించు టాఫ్ట్-హార్ట్‌లీ చట్టము ఒకటి 1947నుండి ఉన్నది. కాని అది ట్రూమన్ వీటో చేయగా కాంగ్రెసు త్రోసిపుచ్చి చేసిన చట్టము. దానిని వినియోగించుటకు ఆయన మనసు అంగీకరింపలేదు.

కంపెనీలు న్యాయస్థానమునకు ఎక్కెను. అప్పటి సుప్రీంకోర్టులోని తొమ్మండుగురు న్యాయమూర్తులును రూజ్వెల్టు గాని, ట్రూమన్ గాని నియమించినవారే. అందులో నలుగురు ట్రూమన్ స్వయముగా నియమించినవారు. అయినను జూన్ 2వ తేదీన ఆ న్యాయస్థానము 6-3 ఆధిక్యముతో అధ్యక్షుని ఉత్తరువు చెల్లదని తీర్పు చెప్పెను. ట్రూమన్ నియమించినవారిలో ఇద్దరు ఆయనకు వ్యతిరేకముగా నిలిచిరి. చట్టములు చేయుట కాంగ్రెసు పనియే కాని అధ్యక్షుని పని కాదని, యుద్ధము పేరు చెప్పి సర్వసేనాధిపతి తన దేశమునందలి కర్మాగారములకు అధిపతి కాజాలడని ఆ తీర్పు సారాంశము. ట్రూమన్ ఆగ్రహించియుండవచ్చును, కాని వెంటనే కర్మాగారములను యజమానులకు తిరిగి అప్పగించెను. సమ్మె 53 దినములు సాగినది. ప్రభుత్వము భయపెట్టినట్లు యుద్ధరంగము కూలిపోలేదు.

ఆ తీర్పులో భాగముగా న్యాయమూర్తి రాబర్ట్ జాక్సన్ విడిగా వ్రాసిన అభిప్రాయమునకు కాలక్రమమున ప్రధాన తీర్పును మించిన ప్రతిష్ఠ కలిగినది. అధ్యక్షుని బలమును ఆయన మూడు మెట్లుగా విభజించెను. కాంగ్రెసు అనుమతితో చేయు పనిలో అధ్యక్షుని బలము పరిపూర్ణము. కాంగ్రెసు ఔనని గాని కాదని గాని చెప్పని విషయములలో అది సంధ్యవేళ వెలుగువంటిది. కొంత కలదు, కొంత లేదు. కాంగ్రెసు అభీష్టమునకు విరుద్ధముగా చేయు పనిలో ఆ బలము అత్యల్పము. ట్రూమన్ నిలిచినది ఈ మూడవ మెట్టుపైననే. ఏలయన, కర్మాగారములను స్వాధీనపరచుకొను అధికారమును కాంగ్రెసు 1947లో పరిశీలించి నిరాకరించియుండెను. జాక్సన్ అధ్యక్షపదవికి శత్రువు కాడు. 1940-41లో ఆయన రూజ్వెల్టుకు అటార్నీ జనరలు. ఒక విమాన కర్మాగారమును ప్రభుత్వము స్వాధీనపరచుకొనగా దానిని సమర్థించినవాడు. నాటి సొంత వాదమునే ప్రభుత్వ న్యాయవాదులు ఎదుట పెట్టినప్పుడు ఆయన చలింపలేదు. న్యాయవాదిగా తాను చెప్పినది న్యాయమూర్తిగా తన్ను బంధింపదని ఆయన నిశ్చయము.

జాక్సన్ చెప్పిన సూత్రములో మన దృష్టికి వెంటనే రాని మాట ఒకటి కలదు. అధ్యక్షుని అధికారము స్థిరమైన కొలత కాదు. ఎదుటనున్నవాడు ఏమి చేయునో దానినిబట్టి అది పెరుగును, తరుగును. కాంగ్రెసు మౌనము వహించినచో అధ్యక్షుడు మొదటి దినమున నిలిచినచోటనే నిలువడు. మౌనము కూడ ఒక విధమైన దానమే.

మహాభారతమున సభాపర్వమును నన్నయ తెనుగున చదివిన తెలుగువానికి ఈ మాట క్రొత్త కాదు. నాటి సభలో దుర్యోధనునకు అడ్డు చెప్పగల సమర్థులు లేకపోలేదు. భీష్ముడు ఉన్నాడు, ద్రోణుడు ఉన్నాడు, రాజు స్వయముగా కొలువుదీరి ఉన్నాడు. ద్రౌపది అడిగిన ప్రశ్న ధర్మశాస్త్రమునకు సంబంధించినది. దానికి సమాధానము చెప్పవలసినవారు తలలు వంచుకొనిరి. విదురుడు, వికర్ణుడు తప్ప నోరు విప్పినవారు లేరు. దుశ్శాసనుని చేతికి బలము ఎచటనుండి వచ్చినదని అడిగినచో, అందులో కొంత ఆ పెద్దల మౌనమునుండియే వచ్చినదని చెప్పవలెను.

అమెరికా చరిత్రలోను అటువంటి సభ ఒకటి కూడినది. పెర్ల్ హార్బరుపై జపాను దాడి జరిగిన తరువాత, 1942 ఫిబ్రవరి 19న రూజ్వెల్టు జారీచేసిన ఉత్తరువు ఫలితముగా పశ్చిమతీరమున నివసించు జపాను సంతతివారు ఇంచుమించు 1,20,000 మంది ఇండ్లు వాకిళ్ళు విడిచి నిర్బంధ శిబిరములకు పోవలసివచ్చెను. వారిలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. ఒక్కొక్కని నేరమును విచారించినవారు లేరు. కాంగ్రెసు ఇంచుమించు ఒక నెలలోనే ఆ ఉత్తరువును ఉల్లంఘించుటను నేరముగా పరిగణించు చట్టము చేసెను. 1944లో సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యముతో కొరెమాట్సు వివాదమున దానిని సమర్థించెను. మూడు శాఖలును ఏకమైనప్పుడు హద్దు అన్నది లేదు. నాడు అసమ్మతి తెలిపిన ముగ్గురిలో జాక్సన్ ఒకడు. సైనికాధికారి చేసిన తప్పు యుద్ధముతో ముగియునని, న్యాయస్థానము దానికి ఆమోదముద్ర వేసినచో అది రాబోవు ప్రతి పాలకునికిని అందుబాటులో ఉండు ఆయుధమగునని ఆయన హెచ్చరించెను. 1988లో కాంగ్రెసు క్షమాపణ చెప్పి, జీవించియున్న బాధితులకు తలకు 20,000 డాలర్లు పరిహారముగా ఇచ్చెను. నలువది యారేండ్లకు వచ్చిన ఆ పశ్చాత్తాపమును అందుకొనుటకు అనేకులు బ్రతికి లేరు.

ఇక యుద్ధము సంగతి. యుద్ధము ప్రకటించు అధికారము కాంగ్రెసుదని రాజ్యాంగము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ అధికారమును కాంగ్రెసు చివరిసారిగా వినియోగించినది 1942 జూన్ నెలలో. ఆ తరువాత అమెరికా సైనికులు కొరియాలో పోరాడిరి, వియత్నాములో పోరాడిరి, ఇరాకులో పోరాడిరి. యుద్ధ ప్రకటనము మాత్రము లేదు. 1964 ఆగస్టులో టాంకిన్ సింధుశాఖ తీర్మానముతో వియత్నాము విషయమున అధ్యక్షుడు జాన్సన్‌కు ఆవశ్యకమని తోచిన చర్యలన్నియు తీసికొను స్వేచ్ఛను కాంగ్రెసు ఇచ్చెను. ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలురు, వ్యతిరేకించినవాడు ఒక్కడును లేడు. సెనేటులో 88 మంది ఔననగా, మోర్స్, గ్రూనింగ్ అను ఇద్దరు మాత్రము కాదనిరి. ఆ యుద్ధమున ఇంచుమించు 58,000 మంది అమెరికనులు, లెక్కకు మిక్కిలిగా వియత్నాము ప్రజలు మరణించిరి. తెలివి తెచ్చుకొన్న కాంగ్రెసు 1973లో నిక్సన్ వీటోను త్రోసిపుచ్చి యుద్ధాధికారముల చట్టము చేసెను. సేనలను పోరునకు దింపిన 48 గంటలలో తెలుపవలెనని, అనుమతి లేనిచో 60 దినములలో విరమింపవలెనని దాని నియమము. ఆనాటినుండి ఏ పక్షపు అధ్యక్షుడును ఆ చట్టమునకు మనఃపూర్వకముగా తలవంచలేదు. తలవంచునట్లు చేయుటకు కాంగ్రెసును పట్టుబట్టలేదు.

అత్యవసర పరిస్థితుల చట్టము కథ మరింత విచిత్రమైనది. 1976లో చేసిన ఆ చట్టము ప్రకారము అధ్యక్షుడు అత్యవసర పరిస్థితిని ప్రకటించినను, ఉభయసభలును సాధారణ ఆధిక్యముతో తీర్మానించి దానిని రద్దుచేయవచ్చును. అధ్యక్షుని సంతకముతో పనిలేదు. అధికారము ఇచ్చుచునే కళ్ళెమును తనచేత ఉంచుకొన్నానని కాంగ్రెసు తలచెను. కాని 1983లో, భారత సంతతివాడైన చాధా అను విద్యార్థి దేశబహిష్కరణకు సంబంధించిన వివాదమున సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యముతో ఇట్టి తీర్మానములు రాజ్యాంగ విరుద్ధములని నిర్ణయించెను. అధ్యక్షుని ముందు ఉంచనిదే సభల తీర్మానమునకు చట్టబలము లేదన్నది దాని తాత్పర్యము. చాధాకు న్యాయము జరిగినది; కాని కాంగ్రెసు చేతినుండి కళ్ళెము జారిపోయినది. అధ్యక్షునకు ఇచ్చిన అధికారము ఇచ్చినట్లే ఉన్నది. దానిని మరల తీసికొనుటకు అతని సంతకమైన కావలెను, లేదా మూడింట రెండు వంతుల బలమైన కావలెను.

దీని ఫలితము 2019లో బహిర్గతమైనది. మెక్సికో సరిహద్దున గోడ కట్టుటకు అధ్యక్షుడు ట్రంప్ కోరిన ధనమును కాంగ్రెసు ఇచ్చుటకు నిరాకరించెను. ఆయన అత్యవసర పరిస్థితిని ప్రకటించి ఇతర పద్దులనుండి ధనము మళ్ళించెను. ఆ ప్రకటనను రద్దుచేయవలెనని ప్రతినిధుల సభ 245-182 ఓట్లతోను, సెనేటు 59-41 ఓట్లతోను తీర్మానించెను. ఆయన వీటో చేసెను. దానిని త్రోసిపుచ్చుటకు ప్రతినిధుల సభలో వచ్చిన ఓట్లు 248, చాలలేదు. ఉభయసభల ఆధిక్యము ఒక వైపున, ఒక్క మనుష్యుడు ఒక వైపున నిలువగా ఆ ఒక్కనిదే పైచేయి అయినది. ఖజానా తాళపుచెవి ఎవరియొద్ద ఉన్నదని రాజ్యాంగ నిర్మాతలు తలచిరో, ఎవరి చేతికి పోయినదో పాఠకులే గ్రహింతురు.

పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి. అవి ఇతరుల కంటబడక, తిరిగి వారి చేతికే వచ్చినవి. చట్టసభలు చెట్టుపై దాచిన ఆయుధములకు అట్టి అదృష్టము లేదు. తరువాత వచ్చినవాడు ఎవడైనను చెట్టెక్కి వానిని దించుకొనవచ్చును. ఉక్కు తీర్పు వెలువడిన 1952 జూన్ నెలలోనే కాంగ్రెసు ట్రూమన్ వీటోను త్రోసిపుచ్చి వలస చట్టము ఒకటి చేసెను. విదేశీయులలో ఏ తరగతివారి ప్రవేశమైనను దేశప్రయోజనమునకు భంగకరమని తోచినచో దానిని నిలిపివేయు అధికారమును ఆ చట్టములోని ఒక వాక్యము అధ్యక్షునకు ఇచ్చెను. ఒక కిటికీని న్యాయస్థానము మూసిన నెలలోనే కాంగ్రెసు ఒక సింహద్వారమును తెరచినదన్నమాట. కొన్ని దేశములవారి రాకను నిషేధించిన ట్రంప్ ప్రకటనను 2018లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యముతో సమర్థించినది ఈ వాక్యమును ఆధారము చేసికొనియే. కొరెమాట్సు తీర్పు తప్పని ఆ న్యాయస్థానము నోరు తెరచి చెప్పినదియు ఆ తీర్పులోనే. 2025 సెప్టెంబరులో హెచ్-1బి వీసాకై క్రొత్తగా పెట్టు దరఖాస్తులపై 1,00,000 డాలర్ల రుసుము విధించిన ప్రకటనకును మూలము ఆ 1952 నాటి చట్టమే. ఆ వీసాపై ఆశలు పెట్టుకొన్న తెలుగు కుటుంబములు హైదరాబాదులోను, విజయవాడలోను ఎన్ని ఉన్నవో చెప్పనక్కరలేదు. డెబ్బది మూడేండ్ల క్రిందట చెట్టుపై పెట్టిన ఆయుధము ఇక్కడి ఇంటి గుమ్మమునకు తగిలినది.

సుంకముల విషయమును ఇట్టిదే. దిగుమతి సుంకములు విధించు అధికారము కాంగ్రెసుదని రాజ్యాంగ వాక్యము. అయినను 1977 నాటి అంతర్జాతీయ ఆర్థిక అత్యవసర అధికారముల చట్టమును ఆధారముగా చూపి 2025లో ట్రంప్ అనేక దేశముల సరకులపై సుంకములు విధించెను. ఆ ఆగస్టు చివరకు భారతదేశపు సరకులలో అధికభాగముపై ఆ సుంకము 50 శాతమునకు చేరినది. అమెరికా విపణిపై ఆధారపడిన భీమవరము ప్రాంతపు రొయ్యల రైతునకు ఆ అంకె వార్తాపత్రికలోని అంకె కాదు. చెరువు గట్టున ధర పడిపోవుట. ఆ 1977 చట్టములో సుంకము అన్న పదమే లేదు. 2025 మే నెలలో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానము ఆ సుంకములు చెల్లవని చెప్పెను. ఆగస్టులో అప్పీలు న్యాయస్థానము 7-4 ఆధిక్యముతో ఆ అభిప్రాయమును బలపరచెను. వివాదము సుప్రీంకోర్టువరకు పోయెను. ఈ పోరాటమునకు పూనుకొన్నది ఎవరు? చిన్న దిగుమతి వ్యాపారులు, కొన్ని రాష్ట్రములు. ఏ సభ అధికారము ఆక్రమణకు గురియైనదని వాదమో, ఆ సభ తన అధికారము తనదని చట్టము చేసి చెప్పలేదు.

న్యాయస్థానములు ఉన్నవికదా, కాంగ్రెసు నిద్రించినను బాధలేదని కొందరు ఊరడిల్లవచ్చును. 1974లో నిక్సన్ తన సంభాషణల టేపులను అప్పగింపవలసినదేనని 8-0తో తీర్పు చెప్పిన ధైర్యము ఆ న్యాయస్థానమునకు ఉన్నమాట వాస్తవము. ఆ తీర్పునిచ్చినవారిలో నిక్సన్ నియమించినవారు ముగ్గురు. కాని ఆ తీర్పు ఒక్కటియే నిక్సన్‌ను దింపలేదు. సెనేటులో మద్దతు కరగిపోయినదని గోల్డ్‌వాటర్ మొదలైన స్వపక్షపు పెద్దలు స్వయముగా పోయి చెప్పిన రెండు దినములకే ఆయన పదవి విడిచెను. న్యాయస్థానము అధ్యక్షునకు ఎల్లప్పుడును అడ్డుగోడయే అనుటకును వీలులేదు. 2024 జూలై 1వ తేదీన సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యముతో, అధ్యక్షుడు తన రాజ్యాంగ విధులకు మూలమైన చర్యలకై నేరవిచారణకు లోను కాడని, ఇతర అధికారిక చర్యల విషయమునను అతనికి రక్షణ కలదని నిర్ణయించెను. కడపటి ఆయుధమైన అభిశంసనము ముగ్గురు అధ్యక్షులపై నాలుగుసార్లు ప్రయోగింపబడినది. ఒక్కసారియు శిక్షవరకు పోలేదు. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒకే ఓటుతో బయటపడెను. 2021లో ట్రంప్‌కు వ్యతిరేకముగా 57 ఓట్లు వచ్చెను, కావలసినవి 67.

అధ్యక్షుడు బలవంతుడగుట ఎల్లప్పుడును కీడే యని మేము వాదించుట లేదు. 1957లో లిటిల్ రాక్ నగరమున తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులను పాఠశాలలోనికి పోనీయక గవర్నరు ఫాబస్ అడ్డగించినప్పుడు, ఐసెన్‌హోవర్ సైన్యమును పంపి వారిని తరగతి గదివరకు నడిపించెను. ఆనాడు అధ్యక్షుడు దుర్బలుడైనచో ఆ పిల్లల హక్కు కాగితముపైననే మిగిలియుండెడిది. అంతర్యుద్ధకాలమున లింకన్ సంకోచించియున్నచో దేశమే మిగిలెడిది కాదు. అయితే ఒక భేదమును గుర్తింపవలెను. ఐసెన్‌హోవర్ బలము న్యాయస్థానము ఇచ్చిన తీర్పును అమలుజరుపుటకు వినియోగపడినది. చట్టమును ప్రక్కకు నెట్టుటకు కాదు. ఎంత బలము అన్నది కాదు, ఎవరికి జవాబుదారియైన బలము అన్నది ప్రశ్న.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెట్టుచు డాక్టరు అంబేడ్కర్ ఈ తారతమ్యమునే వివరించెను. అమెరికా పద్ధతిలో స్థిరత్వము ఎక్కువ, జవాబుదారీ తక్కువ. పార్లమెంటరీ పద్ధతిలో పాలకుని ప్రతిదినమును ప్రశ్నింపవచ్చును. కావున మనము జవాబుదారీని ఎన్నుకొన్నామని ఆయన భావము. సుస్థిరపాలన పేరిట అధ్యక్ష పద్ధతి కావలెనని మన దేశమున అప్పుడప్పుడు వినవచ్చు మాటకు ఈ సమాధానము నేటికిని చాలును. కాని మన పద్ధతియే మనలను కాపాడునని నిశ్చింతగా ఉండుటయు తగదు. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చినది పార్లమెంటరీ పద్ధతి ఉన్న ఈ దేశమునందే. పార్లమెంటు ఆమోదించెను, మరుసటి ఏడు సుప్రీంకోర్టు నిర్బంధితుల మొర విననన్నది, న్యాయమూర్తి ఖన్నా ఒక్కడే అసమ్మతి తెలిపెను. చివరకు 1977లో తలుపు తట్టి కావలివారిని లేపినది ఓటరు.

కావున అమెరికా అధ్యక్షుని హద్దులెక్కడ అని అడుగువారు శ్వేతసౌధమువైపు మాత్రము చూచినచో చాలదు. దానికి ఒకటిన్నర మైళ్ళ దూరమున గుమ్మటముతో నిలిచియున్న కాంగ్రెసు భవనమువైపు చూడవలెను. చెట్టుపైనున్న పాత ఆయుధములను దించి, గడువు తీరగానే తమంతట తాము రద్దగునట్లు అత్యవసర అధికారములను తిరుగవ్రాయుట ఆ సభల చేతిలోని పనియే. అందుకు రాజ్యాంగమును సవరింపనక్కరలేదు. తమ పక్షమువాడు ఆ పీఠముపై ఉన్నప్పుడును ఆ పని చేయవలెనన్న పట్టుదల కావలెను. 1937 నాటి సెనేటునకు ఆ పట్టుదల ఉండెను. దానిని మరల చూపని నాడు, ఏ అధ్యక్షుడు వచ్చినను నిందింపవలసినది అతనిని ఒక్కనినే కాదు.